కొత్త ఆక్సిజన్ సెన్సర్ వేసినా మళ్లీ అదే లైటు... మూడోది కొనే ముందు ఇవి చూడండి

నర్సీపట్నం: మా మామూ దగ్గర తొమ్మిదేళ్ల నాటి పెట్రోల్ కారు ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. బట్టల వ్యాపారం కాబట్టి తుని, అనకాపల్లి, విశాఖ తిరుగుతూనే ఉంటారు. నెలకు 1500 కిలోమీటర్ల దాకా అవుతుంది. లీటరుకు 18 ఇచ్చే బండి మెల్లగా 13కి పడిపోయింది. డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజన్ బొమ్మ వెలిగింది. షెడ్డులో స్కానర్ పెట్టి చూసి, ఆక్సిజన్ సెన్సర్ పోయిందన్నారు. మార్చారు. నాలుగు నెలలకు మళ్లీ లైటు. మళ్లీ మార్చారు. రెండింటికీ కూలీతో కలిపి 8,500 రూపాయలు అయ్యాయి. మూడోసారి లైటు వెలిగినప్పుడు ఇంట్లో మా అత్త అడిగిన ప్రశ్న ఒకటే: "సెన్సర్ పోతోందా, లేక ఎవరికీ అసలు సంగతి తెలియడం లేదా?"

ఈసారి తుని రోడ్డులో ఉన్న ఒక పాత మెకానిక్ దగ్గరకు వెళ్లాం. ఆయన స్కానర్ తియ్యలేదు. "బండి రాత్రికి ఇక్కడే వదిలెయ్యండి సాయిబు గారూ, తెల్లారి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి వింటాను" అన్నారు. ఫజర్ అయ్యాక వెళ్లాం. స్టార్ట్ చెయ్యగానే ఇంజన్ దగ్గర టిక్ టిక్ మని సన్నని చప్పుడు. ఐదు నిమిషాలకు ఇంజన్ వేడెక్కింది, చప్పుడు మాయమైంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ గాస్కెట్ ఒక మూల కాలిపోయి ఉంది. గాస్కెట్ మార్చడానికి కూలీతో కలిపి రెండు వేలు కూడా కాలేదు. లైటు మళ్లీ వెలగలేదు. తీసి పక్కన పెట్టిన సెన్సర్లలో రెండోది అసలు పోనే లేదని కూడా తేలింది.

సెన్సర్ మాటిమాటికీ పోతోందని చెప్పుకునే బండ్లలో చాలావాటి కథ ఇలాంటిదే. సెన్సర్ సాక్షి లాంటిది. అది చెప్పిన మాట నచ్చలేదని సాక్షిని మార్చేస్తే కేసు తేలదు. అది ఏం చెబుతోందో, ఎందుకు చెబుతోందో తెలుసుకుంటే డబ్బూ మిగులుతుంది, పెట్రోలూ మిగులుతుంది.

అసలు ఈ సెన్సర్ పని ఏమిటి?

పెట్రోల్ పూర్తిగా కాలాలంటే ఒక కిలో పెట్రోల్‌కు సుమారు 14.7 కిలోల గాలి కావాలి. గాలి ఎక్కువైతే ఆ మిశ్రమాన్ని లీన్ అంటారు, పెట్రోల్ ఎక్కువైతే రిచ్ అంటారు. ఇంజన్ నుంచి బయటకు వచ్చే పొగలో ఎంత ఆక్సిజన్ మిగిలిందో సెన్సర్ చూస్తుంది. ఆ కబురు ఇంజన్ కంప్యూటర్‌కు చేరుతుంది. కంప్యూటర్ దాన్ని బట్టి పెట్రోల్ పెంచుతుంది, తగ్గిస్తుంది. ఇది సెకనులో ఎన్నోసార్లు జరిగే పని.

జర్మనీకి చెందిన బాష్ కంపెనీ తయారుచేసిన ఈ సెన్సర్ 1976లో మొదటిసారి వోల్వో కార్లలో వచ్చింది. మన దేశంలో 1995లో నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోల్ కార్లకు క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి చేశారు. పెట్రోల్‌లోని సీసం కన్వర్టర్‌నూ సెన్సర్‌నూ పాడు చేస్తుంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే అమ్ముతున్నారు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఈ సెన్సర్ల మీద నిఘా ఇంకా గట్టిపడింది.

సాధారణంగా కారులో రెండు సెన్సర్లు ఉంటాయి. ఒకటి కన్వర్టర్‌కు ముందు, ఇంకొకటి తర్వాత. ముందున్నది పెట్రోల్ లెక్క చూస్తుంది. వెనకున్నది ముఖ్యంగా కన్వర్టర్ పని చేస్తోందో లేదో చూస్తుంది. కాబట్టి మైలేజీ పడిపోయిందని వెనక సెన్సర్ మార్చడం చాలాసార్లు వృథా ఖర్చే.

ఎక్కువగా వాడే జిర్కోనియా రకం సెన్సర్ 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది. లీన్ అయితే కిందికి, రిచ్ అయితే పైకి. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దాటితే గాని ఇది సరిగా పని చెయ్యదు. అందుకే లోపల చిన్న హీటర్ పెడతారు. కొత్త కార్లలో కొన్నింటికి వైడ్‌బ్యాండ్ రకం ఉంటుంది, వాటికి ఈ వోల్టుల లెక్క కుదరదు. మీ కారులో ఏ రకం ఉందో తెలుసుకున్నాకే మీటర్ పట్టుకోవాలి.

ముందు మైలేజీ సరిగ్గా కొలవండి

డాష్‌బోర్డు చూపించే అంకె అంచనా మాత్రమే. ట్యాంకు ఫుల్ చేయించి మీటర్ రాసుకోండి. కనీసం 300 కిలోమీటర్లు తిరిగాక అదే బంకులో, అదే గన్ దగ్గర మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగించండి. ఇలా మూడుసార్లు చేస్తే నమ్మదగ్గ అంకె వస్తుంది.

మన ప్రాంతంలో ఒక చిక్కు ఉంది. నర్సీపట్నం నుంచి డౌనూరు మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కితే, వెయ్యి మీటర్ల ఎత్తు దాకా బండి రెండో గేరులోనో మూడో గేరులోనో మూలుగుతూ పోతుంది. ఎక్కేటప్పుడు మైలేజీ పడుతుంది, దిగేటప్పుడు పెరుగుతుంది. ఒక వైపు మాత్రమే లెక్కేస్తే తప్పు లెక్క వస్తుంది. చింతపల్లి వెళ్లి వచ్చే వారు రానూ పోనూ కలిపి చూడాలి. లేదా తుని రోడ్డులో మైదానం మీద కొలవాలి.

బడికీ బజారుకీ రెండేసి కిలోమీటర్లు తిరిగే బండి కూడా ఎక్కువే తాగుతుంది. ఇంజన్ వేడెక్కేలోపే ఆగిపోతుంది. చల్లటి ఇంజన్‌కు కంప్యూటర్ ఎక్కువ పెట్రోల్ ఇస్తుంది. ఇలాంటి తిరుగుడులో సెన్సర్ మీద మసి కూడా త్వరగా పడుతుంది.

ఈ-20 పెట్రోల్ వల్లేనా?

ఈ మధ్య ఎవరిని అడిగినా వచ్చే సమాధానం ఇదే. కొంత నిజం ఉంది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ-20 పెట్రోల్ అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది, ఇప్పుడు దేశమంతా వచ్చేసింది. నీతి ఆయోగ్ 2021లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఈ-10కు సర్దుబాటు చేసిన పాత కార్లలో ఈ-20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుంది. ఈ-10 కోసమే తయారై ఈ-20కి సర్దుబాటు చేసిన కార్లలో తగ్గుదల 1 నుంచి 2 శాతమే.

ఇప్పుడు లెక్క చూడండి. 18 ఇచ్చే బండికి 7 శాతం తగ్గితే 16.7 వస్తుంది. 13 రాదు. 18 నుంచి 13కి పడితే అది 28 శాతం. మిగతా 21 శాతం బండిలోనే ఎక్కడో పోతోంది. లీటరు 110 రూపాయలు అనుకుంటే, నెలకు 1500 కిలోమీటర్లు తిరిగే బండికి 18కీ 13కీ మధ్య తేడా 32 లీటర్లు. అంటే నెలకు 3,500 రూపాయలు, ఏడాదికి 42 వేలు. అంతా ఈ-20 మీద నెట్టేస్తే ఈ డబ్బు అలా పోతూనే ఉంటుంది. ఇస్రాఫ్ అని మన పెద్దలు తిట్టేది ఇలాంటి దుబారానే.

కోడ్‌ను పూర్తిగా చదవండి

"స్కానర్‌లో సెన్సర్ కోడ్ వచ్చింది" అన్న మాట చాలదు. ఏ నంబర్ వచ్చిందో అడగండి. చెరిపే ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి. కోడ్ పడిన క్షణంలో ఇంజన్ వేడి, స్పీడు ఎంతో కూడా స్కానర్ చూపిస్తుంది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. అది కూడా ఫోటో తీసుకోండి.

కోడ్‌లు రెండు గుంపులు.

మొదటి గుంపు సెన్సర్ గురించీ దాని వైర్ల గురించీ చెప్పేవి:

- పి 0131: ముందు సెన్సర్ వోల్టేజీ తక్కువ
- పి 0132: ముందు సెన్సర్ వోల్టేజీ ఎక్కువ
- పి 0133: ముందు సెన్సర్ నెమ్మదిగా స్పందిస్తోంది
- పి 0134: ముందు సెన్సర్‌లో కదలిక లేదు
- పి 0135: ముందు సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం
- పి 0141: వెనక సెన్సర్ హీటర్ సర్క్యూట్‌లో లోపం

రెండో గుంపు సెన్సర్ చెప్పిన మాట ఆధారంగా కంప్యూటర్ చేసే ఫిర్యాదులు:

- పి 0171: మిశ్రమం మరీ లీన్
- పి 0172: మిశ్రమం మరీ రిచ్
- పి 0420: కన్వర్టర్ సామర్థ్యం తగ్గింది

రెండో గుంపు కోడ్ వస్తే సెన్సర్ మార్చమని అర్థం కాదు. చాలాసార్లు సెన్సర్ బాగానే ఉండి నిజమే చెబుతోందని అర్థం. మా మామూ కారులో మొదటిసారి వచ్చింది పి 0133. రెండోసారి, మూడోసారి వచ్చింది పి 0171. అయినా ప్రతిసారీ చెప్పిన మందు ఒక్కటే.

మొదటి గుంపు కోడ్ వచ్చినా సెన్సర్ పోయిందని తేల్చెయ్యకూడదు. పి 0135 వస్తే ముందు ఫ్యూజ్ చూడాలి. 20 రూపాయల ఫ్యూజ్ పోయి ఉంటే నాలుగు వేల సెన్సర్ ఏం చేస్తుంది?

బాగున్న సెన్సర్‌ను తప్పుదారి పట్టించేవి

ఎగ్జాస్ట్ లీకు: సెన్సర్‌కు ముందు గాస్కెట్ కాలినా, పైపు పగిలినా, పొగ బయటకు రావడమే కాదు, మధ్యమధ్యలో బయటి గాలి లోపలికి పీల్చుకుంటుంది. ఆ గాలిలోని ఆక్సిజన్ చూసి సెన్సర్ లీన్ అంటుంది. కంప్యూటర్ నమ్మి పెట్రోల్ పెంచుతుంది. మైలేజీ పడుతుంది. అదనపు పెట్రోల్ వల్ల మసి పెరిగి సెన్సర్ మీద పేరుకుంటుంది. కొన్నాళ్లకు అది నిజంగానే మందగిస్తుంది. మా మామూ బండిలో జరిగింది ఇదే.

ఈ లీకు పెట్రోల్‌తో పోయేది కాదు. ఇంజన్ గదిలోని పొగ ఏసీ గాలితో కలిసి కారు లోపలికి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. కారెక్కితే పిల్లలకు తలనొప్పి, వికారం వస్తోందంటే అద్దాలు దించండి, బండి ఆపండి, ముందు ఆ లీకు సంగతి చూడండి. తలుపులు మూసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి ఏ పరీక్షా చెయ్యకండి.

మిస్‌ఫైర్: స్పార్క్ ప్లగ్ గాని కాయిల్ గాని సరిగా పని చెయ్యకపోతే ఆ సిలిండర్‌లో పెట్రోల్ కాలదు. పెట్రోల్‌తో పాటు కాలని ఆక్సిజన్ కూడా బయటకు వస్తుంది. సెన్సర్ చూసేది ఆక్సిజన్‌నే కాబట్టి లీన్ అంటుంది. నిజానికి పెట్రోల్ వృథాగా పోతుంటే కంప్యూటర్ ఇంకా పెంచుతుంది. ఇంజన్ లైటు ఆగి ఆగి మెరుస్తోందంటే ఇదే జరుగుతోందని అనుమానించాలి. అలా మెరుస్తుండగా బండి తోలితే కన్వర్టర్ కాలిపోతుంది. దాని ఖర్చు ముందు సెన్సర్ ఖర్చు ఏ మూలకూ రాదు.

గాలి లీకు: ఎయిర్ ఫిల్టర్ తర్వాత ఉండే రబ్బరు పైపులు, ఇంటేక్ గాస్కెట్ ఎండి పగిలితే లెక్కలో లేని గాలి లోపలికి వెళ్తుంది. ఇక్కడ సెన్సర్ లీన్ అంటే అది నిజమే.

థర్మోస్టాట్ వాల్వ్ పీకెయ్యడం: ఇంజన్ వేడెక్కుతోందని, మన ఎండలకు ఈ వాల్వ్ ఎందుకని తీసేసే అలవాటు చాలా షెడ్డుల్లో ఉంది. అప్పుడు ఇంజన్ సరైన వేడికి చేరదు, చలికాలంలో లంబసింగి వైపు వెళ్తే మరీనూ. ఇంజన్ ఇంకా చల్లగానే ఉందనుకుని కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మసి, తగ్గిన మైలేజీ, చివరకు సెన్సర్. పి 0128 కోడ్ కూడా ఉంటే ముందు ఈ వాల్వ్ ఉందో లేదో చూడండి.

ఎయిర్ ఫిల్టర్ సంగతి కూడా చెప్పుకోవాలి. కార్బురేటర్ రోజుల్లో ఫిల్టర్ మూసుకుపోతే మైలేజీ పడేది. ఇప్పటి ఇంజెక్షన్ బండ్లలో వచ్చే గాలిని బట్టే పెట్రోల్ ఇస్తారు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ లేబొరేటరీ 2009లో చేసిన పరీక్షల్లో మురికి ఫిల్టర్ వల్ల పికప్ తగ్గింది గాని మైలేజీ పెద్దగా తగ్గలేదు. దుమ్ము రోడ్ల మీద తిరిగే మనం ఫిల్టర్ మార్చుకోవాల్సిందే. కానీ 28 శాతం మైలేజీ ఫిల్టర్ మార్చితే తిరిగి రాదు.

సెన్సర్‌ను నిజంగానే చంపేవి

మంచి సెన్సర్ లక్ష కిలోమీటర్లకు పైగా రావాలి. ఏడాదిలో రెండు పోయాయంటే వాటిని ఏదో చంపుతోంది.

- ఇంజన్ ఆయిల్ కాలడం. ఆయిల్‌లో ఉండే ఫాస్ఫరస్, జింక్ సెన్సర్ మీద పూతలా పడతాయి. వెయ్యి కిలోమీటర్లకే ఆయిల్ తగ్గుతోందా, స్టార్టింగ్‌లో నీలం పొగ వస్తోందా చూడండి.
- కూలెంట్ లీకు. హెడ్ గాస్కెట్ పోతే కూలెంట్ సిలిండర్‌లోకి చేరి కాలుతుంది. బయట ఎక్కడా కారకుండానే రేడియేటర్‌లో నీళ్లు తగ్గిపోతుంటే అనుమానించాలి.
- సిలికాన్ పేస్ట్. ఇంజన్ విప్పి బిగించినప్పుడు మామూలు సిలికాన్ పేస్ట్ పూస్తే దాని ఆవిరి సెన్సర్‌ను పాడు చేస్తుంది. ట్యూబు మీద సెన్సర్ సేఫ్ అని రాసి ఉన్నదే వాడమనండి. ఇంజన్ పని చేయించిన కొన్ని వారాలకే సెన్సర్ పోతే మొదటి అనుమానం దీని మీదే.
- నీళ్లు. ఎర్రగా కాలిన సెన్సర్ లోపల పింగాణీ ముక్క ఉంటుంది. వానాకాలం రోడ్డు మీద నిలిచిన నీళ్లలో బండి తోలితే ఒక్కసారిగా చల్లబడి పగలొచ్చు.
- ఎలుకలు. పొలాల పక్కన, పశువుల పాక పక్కన బండి పెట్టేవారు సెన్సర్ వైరు మొదటి నుంచి చివరి దాకా చేత్తో తడిమి చూడాలి. వైరు సైలెన్సర్‌కు ఆనుకుని కరిగిపోవడం కూడా మామూలే.
- నకిలీ లేదా పొసగని సెన్సర్. అన్ని కార్లకూ సరిపోతుందంటూ తక్కువ ధరకు అమ్మే వాటిలో హీటర్ మీ బండికి తగ్గది కాకపోవచ్చు. అప్పుడు కోడ్ మళ్లీ వస్తుంది.

పాత సెన్సర్ పారెయ్యకండి

తీసిన సెన్సర్‌ను అడిగి తీసుకోండి. దాని మొన రంగు సగం రోగం చెబుతుంది. పొడి నల్లటి మసి ఉంటే మిశ్రమం రిచ్‌గా ఉందని. నూనె పట్టిన నలుపు ఉంటే ఆయిల్ కాలుతోందని. తెల్లగా మెరిసే పూత ఉంటే సిలికాన్ అని. తెల్లటి గరుకు పొర ఉంటే కూలెంట్ అని. లేత బూడిద రంగులో శుభ్రంగా ఉంటే సెన్సర్ మీద తప్పు మోపే ముందు వైర్లు చూడమని.

పరీక్ష ఈ వరసలో చెయ్యాలి

1. చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి వినండి. టిక్ టిక్ చప్పుడు వచ్చి, వేడెక్కాక తగ్గితే మానిఫోల్డ్ దగ్గర లీకు. ఇంజన్ ఆపి చల్లారాక సైలెన్సర్ వెనక నుంచి బ్లోయర్‌తో గాలి పంపి, అతుకుల మీద సబ్బు నీళ్లు పోస్తే బుడగలు వస్తాయి. గాస్కెట్ పక్కన నల్లటి చార ఉన్నా లీకే.

2. సెన్సర్ ఫ్యూజ్, వైరు, కనెక్టర్ చూడండి. ఇంజన్ నడుస్తుండగా హీటర్ వైరుకు బ్యాటరీ వోల్టేజీ వస్తోందా మల్టీమీటర్‌తో కొలవాలి. కనెక్టర్ విప్పి సెన్సర్ వైపు హీటర్ రెసిస్టెన్స్ చూస్తే చాలా రకాల్లో 2 నుంచి 15 ఓమ్‌ల మధ్య ఉంటుంది. అసలేమీ చూపించకపోతే హీటర్ తెగినట్టే.

3. స్పార్క్ ప్లగ్‌లు, కాయిల్‌లు, రబ్బరు పైపులు చూడండి.

4. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. అసలు పరీక్ష ఇదే. కంప్యూటర్ తన లెక్క కన్నా ఎంత పెట్రోల్ ఎక్కువ పోస్తోందో, ఎంత తగ్గిస్తోందో రాసుకునే ఖాతా ఇది. షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్ అని రెండు అంకెలు ఉంటాయి, రెండూ కూడాలి. ఇంజన్ బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి రాసుకోండి. మొత్తం ప్లస్ 10, మైనస్ 10 శాతం మధ్యలో ఉంటే ఫరవాలేదు.

- ఐడ్లింగ్‌లో ప్లస్ 20 దాకా ఉండి, 2500 దగ్గర మామూలుకు వస్తే: గాలి లీకు.
- ఐడ్లింగ్‌లో బాగుండి, స్పీడు పెరిగే కొద్దీ ప్లస్ పెరిగితే: పెట్రోల్ చాలడం లేదు. పంపు, ఫిల్టర్, ఇంజెక్టర్లు చూడాలి.
- రెండు చోట్లా మైనస్ 15, 20 ఉంటే: పెట్రోల్ ఎక్కువ పడుతోంది. కారే ఇంజెక్టర్, ఎక్కువ ప్రెషర్, తెరుచుకునే ఉండిపోయిన పర్జ్ వాల్వ్, తప్పు చెప్పే మ్యాప్ సెన్సర్ లేదా వేడి సెన్సర్.
- ట్రిమ్ సున్నాకు దగ్గరగా ఉండి మైలేజీ మాత్రం లేకపోతే: తప్పు మిశ్రమంలో లేదు. పట్టేసే బ్రేకులు, తగ్గిన టైరు గాలి, జారే క్లచ్ వైపు వెళ్లండి.

ఈ-20 వాడే పాత కారులో ట్రిమ్ నాలుగైదు శాతం ప్లస్‌లో ఉంటే కంగారు వద్దు. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఈ-20కి గాలి నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. కంప్యూటర్ ఆ మేరకు పెట్రోల్ పెంచడం దాని పని. గ్యాస్ కిట్ వేయించిన బండి అయితే పరీక్షంతా పెట్రోల్ మీదే నడిపి చెయ్యండి. కిట్ వైరింగ్ సెన్సర్ సిగ్నల్‌ను కలగాపులగం చేసే సందర్భాలు ఉంటాయి.

5. సెన్సర్ ఊగుతోందా చూడండి. వేడెక్కిన ఇంజన్‌లో జిర్కోనియా రకం ముందు సెన్సర్ చకచకా కిందికీ పైకీ కదలాలి. ఒకే చోట ఆగిపోయినా, బద్ధకంగా కదిలినా, పైవన్నీ సరిగా ఉన్నాకే సెన్సర్ మార్చాలి. వెనక సెన్సర్ మాత్రం 0.6, 0.7 వోల్టుల దగ్గర నిలకడగా ఉండటమే మంచి లక్షణం.

పెట్రోల్ మీదే అనుమానం ఉంటే బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ, ఐదు లీటర్ల కొలత అడిగే హక్కు మీకు ఉంది. వానాకాలంలో ఇంకో జాగ్రత్త కూడా కావాలి. ఇథనాల్ నీటిని లాక్కుంటుంది. నీళ్లు ఎక్కువైతే రెండూ కలిసి ట్యాంకు అడుగుకు చేరతాయి, బండి తడబడుతుంది.

కొత్తది వేయించేటప్పుడు

కారణం సరిచేశాకే కొత్తది బిగించాలి. పార్ట్ నంబర్ పాతదానితో సరిపోల్చండి. మొనకు చేయి గాని గ్రీజు గాని తగలకూడదు. మరలకు కంపెనీ పూసి ఇచ్చిన పేస్ట్ చాలు. వైరు కత్తిరించి అతికే రకం వద్దు. చాలా రకాల సెన్సర్లు బయటి గాలిని వైరు లోపలి సందుల నుంచే తీసుకుంటాయి. సోల్డర్ పెట్టినా, కనెక్టర్‌లో గ్రీజు నింపినా వాటికి ఊపిరి ఆడదు. బిగించాక పాత ట్రిమ్ చెరిపించి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ట్రిమ్ చూడండి. అంకె మామూలుకు రాకపోతే రోగం ఇంకా ఉన్నట్టే.

సెకండ్ హ్యాండ్ కారు కొనేవారికి

మన ఇళ్లలో చాలామంది కొనేది వాడిన బండే. అమ్మే ముందు కోడ్ చెరిపేస్తే లైటు ఆరిపోతుంది. కానీ స్కానర్‌లో రెడీనెస్ అనే పేజీ ఉంటుంది. చెరిపిన తర్వాత బండి తన పరీక్షలు మళ్లీ పూర్తి చేసుకునే దాకా అక్కడ పూర్తి కాలేదని చూపిస్తుంది. ఆ మాట కనబడితే ఈ మధ్యే చెరిపారో, బ్యాటరీ తీశారో అడగండి. ఇగ్నిషన్ ఆన్ చెయ్యగానే ఇంజన్ లైటు ఒకసారి వెలిగి ఆరాలి. అసలు వెలగకపోతే బల్బు పీకేశారేమో చూడండి. అమ్మేవారికి కూడా ఒక మాట. సరుకులో లోపం ఉంటే చెప్పి అమ్మాలన్నది మన దీన్ నేర్పిన వ్యాపార మర్యాద. కారుకైనా అంతే.

షెడ్డులో అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

- కోడ్ నంబర్ ఎంత? చెరిపే ముందు చూపిస్తారా?
- ఐడ్లింగ్‌లో, 2500 దగ్గర ట్రిమ్ ఎంత ఉంది?
- ఎగ్జాస్ట్ లీకు, ఫ్యూజ్, వైరు చూశారా?
- పాత సెన్సర్, బిల్లు, పార్ట్ నంబర్ ఇస్తారా?

మంచి మెకానిక్ ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకోడు, సంతోషిస్తాడు. బిల్లు ఉంటేనే వారంటీ అడగగలం. నకిలీ పార్టు అంటగట్టారని తేలితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యొచ్చు.

మా మామూ కారు ఇప్పుడు లీటరుకు 17 దగ్గర ఇస్తోంది. ఆ ఒక్క కిలోమీటరు తేడా ఈ-20దే అనుకుంటున్నాం. పోలేదని తేలిన ఆ రెండో సెన్సర్‌ను తుడిచి, కాగితంలో చుట్టి డిక్కీలో పెట్టుకున్నారు. ఇన్షా అల్లాహ్, దాని అవసరం ఇంకో లక్ష కిలోమీటర్ల దాకా రాకపోవచ్చు.